పదిమంది, ఒక కాటా: ఊళ్లో సహకార సంఘం పెట్టాలనుకునేవాళ్లకు

"మా ఊళ్లో కూడా సంఘం పెడదామనుకుంటున్నాం అక్కా, ముందు ఏ ఆఫీసుకు పోవాలి?" అని నెలకు ఒకరైనా ఫోన్ చేస్తారు. ఆఫీసుకు తర్వాత పోవచ్చు, ముందు కాటా దగ్గరికి పోండి అంటాను. అవతల కాసేపు మాట ఉండదు. ఈమెకు విషయం తెలీదేమో అనుకుంటారేమో. అందుకే ఈసారి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. పది పాసయ్యాను. పెళ్లయి వచ్చాక పొదుపు సంఘంలో పుస్తకాలు రాసేదాన్ని. పదకొండేళ్లుగా మా చెనిక్కాయల (వేరుశనగ) సహకార సంఘం లెక్కలు నావే. ప్రెసిడెంటును కాను, ఎప్పుడూ కాలేదు. ఇది పుస్తకం రాసే మనిషి చెప్పే మాట అనుకుని చదవండి.

ముందు ఒక బస్తా లెక్క తీయండి

సంఘం ఎందుకు పెడుతున్నారంటే చాలామంది "దళారుల దోపిడీ" అంటారు. మీటింగులో చప్పట్లకు ఆ మాట పనికొస్తుంది, లెక్కకు పనికిరాదు. దోపిడీ ఎన్ని కిలోలు, ఎన్ని రూపాయలు? అది తేలాలి.

మేం ఇలా తేల్చాం. మా ఊళ్లో కాయ కొనే వ్యాపారి బస్తాకు 2 కిలోలు తరుగు తీసేవాడు. అడిగితే "గోతం బరువు ఉంటుంది గదమ్మా, మట్టి ఉంటుంది" అనేవాడు. ఒకరోజు మా అత్త ఖాళీ గోతం మడిచి చంకలో పెట్టుకుని అంగన్‌వాడీకి పోయింది. పిల్లల్ని తూచే కాటా మీద దాన్ని పెట్టించింది. 900 గ్రాములు. ఇంకోటి తెచ్చి పెట్టింది. అదీ అంతే, కొంచెం తక్కువ. అంటే బస్తాకు కిలో పైన లెక్క లేకుండా పోతోంది. ముప్పై బస్తాలు వేసే ఇంట్లో 33 కిలోలు. మా దగ్గర కాయ బస్తా 40 కిలోలు, కాబట్టి ఏటా దాదాపు ఒక బస్తా ఊరికే ఇస్తున్నామన్నమాట. మట్టి సంగతా? మట్టి ఎక్కువుందని ధరలో ముందే కోత పెడతాడు, తరుగులో మళ్లీ పెడతాడు.

వడ్డీ లెక్క కూడా పక్కనే రాయండి. జూన్‌లో విత్తనానికి అదే వ్యాపారి దగ్గర 20 వేలు తెస్తే, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున నవంబరుకు అయిదు నెలలకు 2 వేలు. అది సరే. అప్పు తెచ్చినవాళ్లు కాయ ఆయనకే వేయాలి, ఆయన చెప్పిన ధరకే వేయాలి. అసలు నష్టం అక్కడుంది, వడ్డీలో కాదు.

ఇదంతా రాశాక కూడా నేను ఆ వ్యాపారిని దొంగ అనను. మా మామకు గుండెనొప్పి వస్తే రాత్రి పదకొండింటికి తలుపు తీసి డబ్బులిచ్చింది ఆయనే. మీ సంఘం ఆ పని చేయలేదు, కనీసం మొదటి అయిదేళ్లు చేయలేదు. చేస్తామని మాట ఇవ్వకండి. ఒకే ఒక్క పని పెట్టుకోండి. మా పని తూకం. విత్తనాలు, ఎరువులు, అప్పులు, నూనె గానుగ అన్నీ మొదటి ఏడాదే పెట్టుకున్న సంఘాలను చూశాను. వాటి బోర్డులు మాత్రం ఇంకా ఉన్నాయి.

ఏ చట్టం కింద

ఇది తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే జనం దీని దగ్గరే ఆర్నెల్లు ఆగిపోతారు. మనకు దారులు మూడు. ఒకటి 1964 నాటి సహకార సంఘాల చట్టం. ప్రభుత్వ వాటా, ప్రభుత్వ అజమాయిషీ ఉండే సంఘాలు ఎక్కువగా దీని కింద ఉంటాయి. రెండోది 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అందరూ మ్యాక్స్ అంటారు. ఇందులో ప్రభుత్వ వాటాధనం ఉండదు, సంఘం సభ్యులదే. మూడోది ప్రొడ్యూసర్ కంపెనీ. ఎఫ్‌పీఓ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) అని వింటున్నారే, వాటిలో చాలావరకు ఇవే. కంపెనీ చట్టం కాబట్టి ఏటా దాఖలు చేసే కాగితాలు ఎక్కువ, సీఏ ఖర్చు ఎక్కువ.

మేం మ్యాక్స్ తీసుకున్నాం. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది ఉండాలి. ఒకే ఇంట్లో మొగుడు, పెళ్లాం, కొడుకు కలిసి ముగ్గురని లెక్క చెబితే కుదరదు. దరఖాస్తు, బైలాస్ (సంఘం నియమాలు), తీర్మానం తీసుకుని జిల్లా సహకార అధికారి ఆఫీసుకు పోవాలి. అన్నీ సరిగా ఉంటే అరవై రోజుల్లో రిజిస్ట్రేషన్ తేల్చాలని చట్టంలో ఉంది. మాకు అంతకంటే ఆలస్యమైంది. ఒక ఆఫీసులో మా ఫైలు మూడుసార్లు వెనక్కి వచ్చింది, మూడుసార్లూ వేరే వేరే తప్పు చూపించారు. మీకూ అలా అయితే తప్పులన్నీ ఒకేసారి కాగితం మీద రాసివ్వమని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ రాసివ్వమనే అడగండి.

బైలాస్‌లో ఒక వాక్యం

బైలాస్ నమూనా ఎక్కడైనా దొరుకుతుంది. అందరూ దాంట్లో ఊరి పేరు మార్చి సంతకాలు పెడతారు. మేమూ అదే చేయబోయాం. సభ్యత్వం అర్హత దగ్గర "పట్టాదారు పాస్‌పుస్తకం కలిగిన రైతు" అని ఉంది. చదువుతూ చదువుతూ నేనే ఆగిపోయాను. నా పేరు మీద పాస్‌పుస్తకం లేదు. అక్కడ కూర్చున్న ఆడవాళ్లలో నలుగురికి కూడా లేదు. కౌలుకు చేసేవాళ్లకు అసలే ఉండదు.

ఆ వాక్యం మార్చి ఇలా రాసుకున్నాం: "సొంత భూమిలో గానీ కౌలు భూమిలో గానీ చెనిక్కాయ, కొర్ర పండించేవారు, పరిగె కాయ ఏరి అమ్ముకునేవారు." ఈ చివరి ముక్క చూసి ఆఫీసులో నవ్వారు. పరిగె అంటే తెలుసు కదా, చెనిక్కాయ చెట్లు పీకేశాక భూమిలో మిగిలిన కాయ. కూలికి పోయే ఆడవాళ్లు చిన్న కొక్కి పెట్టి తవ్వి ఏరుకుంటారు. రోజంతా ఏరితే మూడు నాలుగు కిలోలు. వాళ్లు అమ్మేటప్పుడు ఏ కాటా ఉండేది కాదు, కొనేవాళ్లు చేటతో కొలిచి తీసుకునేవాళ్లు. మా ఊళ్లో అందరికంటే ఎక్కువ మోసపోయింది వాళ్లే. వాళ్లను బయట పెట్టి తూకం సంఘం పెట్టడం ఎట్ల?

మీ ఊళ్లో పంట టమాటా కావచ్చు, చింతపండు కావచ్చు, పాలు కావచ్చు. ఆ అర్హత వాక్యం ఒక్కటి గట్టిగా చదివి, దాని వల్ల బయట ఉండిపోయేది ఎవరో పేర్లతో సహా చెప్పుకోండి.

మీటింగు ఎక్కడ పెడతారు

మొదటి మీటింగు రామాలయం అరుగు మీద పెట్టాం. ఎప్పుడూ అక్కడే పెడతారు కాబట్టి పెట్టాం, ఇంకే ఆలోచనా లేదు. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన పదకొండు మంది ఆడవాళ్లు వేపచెట్టు కింద నిలబడిపోయారు. పైకి రావద్దని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. రమ్మనీ ఎవరూ చెప్పలేదు. ఒకామె వాటాధనం వాయిదాల్లో కట్టొచ్చా అని అక్కడి నుంచే అడిగింది. అరుగు మీద ఎవరికీ వినబడలేదు. మినిట్స్ పుస్తకంలో నేను "అందరూ ఆమోదించారు" అని రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

రెండోది బడి వరండాలో పెట్టాం. కుర్చీలు లేవు, ఒకటే పట్ట పరిచాం, ఎవరైనా దాని మీదే. మొదట్లో పట్ట మీద కూడా మధ్యలో జానెడు ఖాళీ ఉండేది. టీ వచ్చింది. తెచ్చినాయన కొందరికి స్టీలు గ్లాసులు, కొందరికి కాగితం గ్లాసులు ఇవ్వబోయాడు. మా ప్రెసిడెంటు (ఆమెను నేను పెద్దమ్మ అంటాను) "అందరికీ స్టీలువే తే అప్పా, కడిగే వంతు మేం వేసుకుంటాం" అంది. ఆ వారంలో రెండు కుటుంబాలు పేర్లు తీసేసుకున్నాయి. ఒకరు మూడేళ్లకు తిరిగి వచ్చారు, ఇంకొకరు రాలేదు.

సంఘం వల్ల సమాజం మారుతుందా అని శిక్షణ క్లాసులో ఒకసారి అడిగారు. నాకు ఆ గ్లాసులు గుర్తొచ్చాయి గానీ చెప్పలేదు. అక్కడ అందరూ శాతాలు చెబుతున్నారు.

డబ్బు

వాటా మేం వెయ్యి రూపాయలు పెట్టాం. వంద చొప్పున పది నెలలు కట్టొచ్చని రాసుకున్నాం. 64 మంది చేరారు, అందరూ కట్టేస్తే 64 వేలు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఒక ఆటో లోడు కాయ కొనేటప్పటికి అయిపోతుంది. ఇక్కడే చాలా సంఘాలు బ్యాంకు చుట్టూ తిరిగి నీరసపడిపోతాయి.

నా సలహా: మొదటి ఏడాది కొనకండి, కలిపి అమ్మండి. కాయ ఎవరిది వాళ్లదే. సంఘం కాటా మీద అందరిదీ తూచి, రసీదు ఇచ్చి, ఒకే లారీకి ఎత్తి, ముగ్గురు మిల్లువాళ్లకు ఫోన్ చేసి ధర అడిగి, ఎక్కువ చెప్పినవాళ్లకు పంపండి. వచ్చిన డబ్బు తూకం ప్రకారం పంచి, క్వింటాలుకు ఇంత అని సంఘం ఖర్చు పట్టుకోండి. రిస్కు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. మార్కెట్ కమిటీ లైసెన్సు, సెస్సు సంగతి మాత్రం ముందే కనుక్కోండి. చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపుకుని కనుక్కోకూడదు.

మిల్లువాళ్లతో డబ్బు ముందే మాట్లాడుకోవాలి. ఒకసారి ఒక మిల్లు "రేపు వేస్తాం" అని నలభై రోజులు తిప్పింది. ఆ నలభై రోజులూ నేను బజారుకు పోవాలంటే వెనక సందులోంచి పోయేదాన్ని. అప్పటి నుంచి సగం డబ్బు ఖాతాలో పడ్డాకే లారీ కదులుతుంది.

కాటా

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాను.

ఎలక్ట్రానిక్ కాటా కొనండి, అంకెలు రెండువైపులా కనిపించేది. తూచేవాళ్లకు ఒకవైపు, కాయ తెచ్చినవాళ్లకు ఇంకోవైపు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. ముద్ర ఉన్నా చాలదు. 20 కిలోల ఇనుప రాయి ఒకటి పక్కన పెట్టుకోండి. రోజూ పొద్దున మొదటి బస్తాకు ముందు ఆ రాయి కాటా మీద పెట్టాలి. పెట్టేది సంఘం మనిషి కాదు, ఆ రోజు కాయ తెచ్చిన మొదటి మనిషి. 20.00 అని కనిపించాక తూకం మొదలు. ఎవరికైనా అనుమానం వస్తే మధ్యలో ఎప్పుడైనా రాయి పెట్టి చూడొచ్చు.

మొదటి సీజన్‌లో మావాళ్లు గంటకోసారి పెట్టి చూశారు. నాకు కోపం వచ్చేది. పరిగె కాయ తెచ్చే ముసలమ్మ ఒకామె మూడు కిలోల కాయకు ముందొకసారి, తర్వాతొకసారి రాయి మోయించేది. రెండో ఏడాది ఆమె రాయి వైపు చూడలేదు. మూటను కాటా మీద పెట్టి, అంకె చదవడం రాదు కాబట్టి నా మొహం చూసింది. నేను చదివాను. పక్కనున్న పిల్లాడితో మళ్లీ చదివించమని నేనే చెప్పాను. మీరూ అలాగే చేయండి.

గోతం బరువు అంచనా వేయొద్దు. పది ఖాళీ గోతాలు కలిపి తూచి పదితో భాగించండి, ఆ అంకె సుద్దతో గోడ మీద రాయండి. రసీదు మీద మొత్తం బరువు, గోతం బరువు, నికరం మూడూ వేర్వేరుగా ఉండాలి.

నాణ్యత తూకం కంటే కష్టం, ఎందుకంటే దానికి అంకె లేదు. కాయ ఆరిందా లేదా అని మేం మూడు రకాలుగా చూస్తాం. గుప్పెడు చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి. ఒలిచి వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడాలి. కొరికితే టక్కున విరగాలి, సాగకూడదు. తర్వాత తేమ చూసే మిషను కొన్నాం. అయినా పెద్దమ్మ ముందు చెవి దగ్గర పెట్టుకుంటుంది, తర్వాతే మిషను.

ఇక నా తప్పు. మూడో ఏడాది, నవంబరులో వాన పట్టింది. మా మరిది పద్నాలుగు బస్తాలు తెచ్చాడు. చెవి దగ్గర ఆడిస్తే చప్పుడు లేదు. నాకు తెలుసు. "వదినా, ఇంట్లో చోటు లేదు, రేపు మీరే ఎండబెట్టుకోండి" అన్నాడు. రాసేశాను. ఆ రేపు ఎండ రాలేదు. ఆరో రోజు లారీకి ఎత్తేటప్పుడు బస్తాలో చెయ్యి పెడితే లోపల వేడిగా ఉంది, బూజు వాసన. మిల్లులో ఆ పద్నాలుగు బస్తాలకే కాదు, మొత్తం లోడుకు ధర కోసేశారు. సంఘానికి 11,400 నష్టం.

దాన్ని ఖర్చుల్లో కలిపి రాసేయొచ్చు. రవాణా, హమాలీ అని సర్దితే ఎవరికీ తెలిసేది కాదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, ఒకటే టెన్షన్. నెల మీటింగులో నిలబడి చదివాను: ఫలానా తేదీ, తడి కాయ అని తెలిసీ తీసుకున్నది నేను, తెచ్చింది మా మరిది. మరిది అక్కడే కూర్చున్నాడు. సంక్రాంతికి మా ఇంటికి రాలేదు. మ్యాక్స్ చట్టంలో లోటును చూసీ చూడనట్టు వదిలేసే వీలు లేదు, సభ్యుల వంతుకు వేయడమో, లోటు కోసం పెట్టుకున్న నిధిలోంచి పూడ్చడమో చేయాలి. మేం సగం నిధి నుంచి తీశాం, సగం నేనూ మరిదీ కట్టుకున్నాం. ఆ రోజే ఒక నియమం రాసుకున్నాం: బంధువు కాయ వస్తే కాటా దగ్గరున్నవాళ్లు లేచిపోవాలి, ఇంకొకరు కూర్చోవాలి. మా ఊళ్లో అందరూ ఏదో ఒక వరుస అవుతారు కాబట్టి ఆ సీజన్ అంతా లేవడం, కూర్చోవడమే సరిపోయింది. తర్వాత బంధువు అంటే ఎవరో కూడా రాసుకోవాల్సి వచ్చింది.

వ్యాపారి ధర పెంచినప్పుడు

పెంచుతాడు. మీరు తూకం మొదలుపెట్టిన వారానికే మీకంటే క్వింటాలుకు 150 ఎక్కువ అంటాడు. మీ సభ్యులే పోయి వేస్తారు, సాయంత్రం చీకటి పడ్డాక. కోప్పడకండి. మీ సంఘం లేకపోతే ఆ 150 పెరిగేదా? ఊరంతటికీ లాభమే. కానీ ప్రతి సభ్యుడూ ఏటా పంటలో ఇంత భాగం సంఘానికి వేయాలని బైలాస్‌లో ఉండాలి. మేం సగం అని పెట్టుకున్నాం. వరుసగా రెండేళ్లు వేయనివాళ్లకు ఓటు ఉండదు. నూటికి నూరూ సంఘానికే వేయాలని పెట్టిన ఒక సంఘం పక్క మండలంలో ఉంది. అక్కడ అందరూ అబద్ధాలే చెప్పుకున్నారు.

మిగులు పంచడం ఎలా అని అడుగుతారు, చిన్న లెక్క. ఏడాది చివర 60 వేలు మిగిలిందనుకోండి. 15 వేలు నిధులకు తీశారు, 45 వేలు ఉంది. ఆ ఏడాది సంఘం తూచింది 300 క్వింటాళ్లు. అంటే క్వింటాలుకు 150. పది క్వింటాళ్లు వేసినాయనకు 1,500, రెండు వేసినామెకు 300. ఓటు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఎక్కువ వాటాలు కొన్నవాళ్లకు ఎక్కువ ఓట్లు ఇద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది సహకార సంఘం కాదు, మామూలు కంపెనీ.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది, వాళ్లలో చాలామంది నేతపనివాళ్లు, తలా ఒక పౌను వేసుకుని చిన్న అంగడి తెరిచారు. పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తుల్లాంటివి అమ్మారు. కల్తీ లేని సరుకు, సరైన తూకం, మనిషికొక ఓటు, కొన్నదాన్ని బట్టి మిగులులో వాటా. క్లాసులో ఇది చెప్పినప్పుడు పెద్దమ్మ "వాళ్లకూ తరుగు తీసేవాళ్లుంటిరా?" అని అడిగింది. మన దగ్గరా కొత్త కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టింది 1938లో. చెన్నేకొత్తపల్లి వైపు టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ దగ్గర ఆడవాళ్ల పొదుపు సహకార సంఘాలు, చిరుధాన్యాలు కొని అమ్మే ధరణి అనే రైతుల సంఘం ఉన్నాయి. వీలైతే పోయి చూసి రండి. భవనాలు కాదు, వాళ్ల పుస్తకాలు చూపించమని అడగండి.

పుస్తకాలు

నాకు ఇష్టమైన భాగం చివరికి పెట్టుకున్నాను. అయిదు పుస్తకాలు చాలు: సభ్యుల రిజిస్టరు, వాటాల లెడ్జరు, నగదు పుస్తకం, స్టాకు పుస్తకం, మినిట్స్. కంప్యూటర్ తర్వాత చూసుకోవచ్చు. ఆడిట్ ఏటా చేయించాలి, సర్వసభ్య సమావేశం ఏడాదికి ఒకసారైనా పెట్టాలి. నెలకోసారి నగదు పుస్తకం పైకి చదవాలి. మొత్తాలు కాదు, వరుసలు. "టీకి 140" అని చదివితే "ఆరోజు ఎంతమందిమి ఉన్నాం?" అని ఎవరో అడుగుతారు. అడగనివ్వండి. ఎవరూ ఏమీ అడగని నెల వస్తే నాకు భయం వేస్తుంది.

అంగట్లో కొనేటప్పుడు పేజీ నంబర్లు అచ్చు వేసిన పుస్తకాలే కొనండి. పది రూపాయలు ఎక్కువవుతుంది. పెన్సిల్‌తో రాయొద్దు, వైట్‌నర్ ఇంట్లోకే రానివ్వొద్దు. తప్పు రాస్తే అడ్డంగా ఒక్క గీత కొట్టి, కిందున్న అంకె కనిపించేలా ఉంచి, పక్కన సంతకం పెట్టండి. మా మూడో ఏడాది నగదు పుస్తకంలో అలాంటి గీతలు పద్దెనిమిది ఉన్నాయి. ఆడిటరు ఒక్కొక్కటీ వేలు పెట్టి అడిగాడు.